ఓటమి ఎరుగని రాజుగారి కంప్యూటర్

గజకేతు మహారాజు యుద్ధాలు మానేసి కంప్యూటర్లో గేములు ఆడేవాడు. ఆడిన ప్రతి ఆటనూ వీడియోగా దాచేవాడు. ఒకనాడు ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోయింది. చూస్తే డిస్కులో చోటు లేదు.

"నా చోటు ఎవడు దొంగిలించాడు? కాపలావాళ్లను ఉరితీయండి!" అని అరిచాడు రాజు.

కంప్యూటర్ వేడెక్కకుండా విసనకర్రతో విసిరే సూరమ్మ రోజూ ఆ ఆటలన్నీ చూసేది. "ప్రభూ, తమరు ఓడిన ఆటల వీడియోలు చెరిపేస్తే చోటు వస్తుందండి" అంది.

"నేను ఓడటమా? అలాంటివి ఉంటేగా! ఉంటే చెరిపేసుకో!" అంటూ రాజు మీసం దువ్వాడు.

సూరమ్మ చెరిపేసింది. డిస్కులో ఒక్క వీడియో కూడా మిగల్లేదు. కంప్యూటర్ చక్కగా నడిచింది.

"నా వీడియోలన్నీ..." అనబోయి రాజు ఆగిపోయాడు.

"ఏమైనా పోయాయా ప్రభూ?"

"ఏమీ పోలేదు! కాపలావాళ్లను వదిలెయ్యండి. నువ్వు కాస్త ఇటు విసురు, చెమట పడుతోంది."