రుద్రప్ప బావికి ఎగువన

చిలకపాడులో బావులన్నీ నీలంగా మారాయి. ఊరికి ఎగువన రుద్రప్ప అద్దకాల కార్ఖానా పెట్టి, రంగు తొట్లు కడిగిన మురుగును గుంటల్లోకి వదిలిన నాటి నుంచీ ఇదే గతి. పిల్లల నాలుకలు పొక్కాయి, పాడి గొడ్లు చచ్చాయి.

బావులు తవ్వి బతికే పోలమ్మ ధర్మాధికారి ముందు నిలబడింది. "బావికి ఎగువన మురుగు గుంట తవ్వకూడదని మా తాతల నాటి కట్టుబాటు, దొరా" అంది.

రుద్రప్ప నవ్వాడు. "గుంటలో పోసింది గుంటలోనే ఉంటుంది. నేలలో నడవడానికి నీళ్లకు కాళ్లున్నాయా? ఆ రంగు వాళ్ల మట్టిది."

రాజుగారికి పట్టుబట్టలు అద్దే మనిషాయె. ధర్మాధికారి సరేనని తలాడించాడు.

పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. పార అందుకుంది. కార్ఖానాకు ఎగువనున్న రుద్రప్ప ఇంటి బావి ఒక్కటే తేటగా ఉంది. దానికి ఎగువన ఊరి బంజరుంది. మర్నాటికల్లా అక్కడ గుంట తవ్వించింది. ఊరి జనం నీలి నీళ్లు నింపిన కడవలతో దాని గట్టున నిలబడ్డారు.

రుద్రప్ప ధర్మాధికారిని వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పొయ్యకండి. దిగువన నా బావి ఉంది. బావికి ఎగువన మురుగు గుంట ఉండకూడదని తెలియదా మీకు?"

"మాకు తెలుసు" అంది పోలమ్మ. "నీకూ తెలుసని దొరగారికి ఇప్పుడే తెలిసింది."

ధర్మాధికారికి తప్పించుకునే దారి లేకపోయింది. కార్ఖానా మూతపడింది. ఊరి బావులు తేటపడేదాకా అందరికీ రుద్రప్ప బావే దిక్కయింది. తన ఇంటి బావి దగ్గరే వరస చివర నిలబడ్డ రుద్రప్ప, ఓ పొద్దున బిందె పట్టుకుని ముందుకు తోసుకురాబోయాడు.

పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నీళ్లకు కాళ్లు లేవుగా, ఎక్కడికీ పోవు."