ఎర్ర పీపా మీది తొంభై ఏడు

నల్లకొండ కింద మడుగు గట్టున ఒక తాబేలు ఉండేది. పొద్దున లేస్తూనే అది ఒక శంఖాన్ని చెవికి ఆనించుకుని కూచునేది. తాబేలుకి చెవులెక్కడివని అడక్కండి. వినాలని ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా చెవులే.

శంఖంలో సముద్రం హోరు వినపడేది. తాబేలు పుట్టింది ఏటి మొగ దగ్గర, అంటే ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట, వెచ్చటి ఇసకలో. పసిదిగా ఉన్నప్పుడు ఒక చేపల బుట్టలో పడింది. ఆ బుట్ట బండెక్కింది, ఆ బండి కొండెక్కింది, చివరికి తాబేలు ఈ మడుగులో జారిపడింది. శంఖం కూడా ఆ బుట్టలోదే. పుట్టింటి నుంచి వెంట వచ్చింది అదొక్కటే. సారె అన్నా అదే, సొమ్మన్నా అదే.

ఏడాదికోసారి మడుగు గట్టున గుడ్లు పెట్టేది. ఆ జిగట బురదలో ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. ఈ ఏడు మళ్ళీ కడుపు బరువెక్కింది. ఆడదానికి పురుడు పుట్టింట్లో పొయ్యాలంటారు కదా, ఆ మాటే దాని మనసులో తిరుగుతూ ఉంది. ఆ ఇసకలో పెడితే ఒక్క పిల్లయినా బతుకుతుందేమో. అయితే ఎవర్ని అడుగుతుంది? నలుగురున్న చోట ఎవరైనా పలకరిస్తే చాలు, తల లోపలికి పోయేది. "పిన్ని తల ఊళ్ళో లేదర్రోయ్!" అని కప్పలు ఎకసెక్కాలాడేవి.

అడగందే అమ్మయినా పెట్టదు. ఒకరోజు ఎవరూ లేకుండా చూసి ఎద్దు దగ్గరికి వెళ్ళింది.

"అన్నా."

ఎద్దు అటు చూసింది, ఇటు చూసింది, ఆఖరికి కిందకి చూసింది. "నువ్వా చెల్లీ! నీకు గొంతుందని ఇవాళే తెలిసింది."

"నీ కారు ఏటి మొగ దాకా వస్తుందా అన్నా?"

ఎద్దు ఒకప్పుడు బండి లాగింది. ఇప్పుడు ఎవరో అడవిలో వదిలేసిపోయిన పాత కారు నడుపుతోంది. కొమ్ములు పట్టక దాని టాపు కోయించింది కూడా. "ఎందుకు రాదు? తొంభై ఐదు మైళ్ళు. బండి లాగిన రోజుల్లో ఒక్కో మైలురాయినీ పలకరించుకుంటూ నడిచిన దారి అది. ఏం, పుట్టింటి మీద గాలి మళ్ళిందా?"

తాబేలు కళ్ళు నిండాయి.

"సరే సరే, ఏడవకు. కడుపుతో ఉన్నదానివి. పద, పెట్రోలు పోయించుకుందాం."

పెట్రోలు కొట్టు నక్కది. చింతచెట్టు కింద రెండు పీపాలు. తెల్ల పీపా మీద తొంభై ఒకటి అని అంకె, ఎర్ర పీపా మీద తొంభై ఏడు అని అంకె. నక్క మీసాలు దువ్వుకుంటూ కూచుని ఉంది. కుందేళ్ళు నాలుగైదు వరసలో నిలబడి ఉన్నాయి.

"ఒక డబ్బా తెల్లది పొయ్యి బావా," అంది ఎద్దు. "ఏటి మొగకి పోవాలి."

"ఎంత దూరమో?"

"తొంభై ఐదు."

నక్క నాలిక చప్పరించింది. "అయ్యో అయ్యో! పిన్నీ, నువ్వే చూడు తల్లీ. తెల్లదాని మీద ఏం రాసుంది? తొంభై ఒకటి. డబ్బాడు పోస్తే తొంభై ఒకటో రాయి దగ్గర కారు చతికిలబడుద్ది. ఆ మిగతా నాలుగు మైళ్ళూ నిండు కడుపుతో పాక్కుంటూ పోతావా?"

"మరి ఎర్రది?" అంది తాబేలు గొణుగుతున్నట్టు.

"తొంభై ఏడు! మీ ఇసకలో దించి, ఇంకో రెండు మైళ్ళు ఊరేగించుద్ది."

ఎద్దు నెమరు ఆపింది. "ఇన్నాళ్ళూ ఇది తెల్లది తాగే తిరిగింది కదా బావా?"

"మడుగు చుట్టూ తిరగడానికి తెల్లది చాల్లే. గానుగెద్దుకీ పొరుగూరెళ్ళే ఎద్దుకీ ఒకటే మేతా?"

కుందేళ్ళు కిసుక్కుమన్నాయి. గానుగెద్దన్న మాట ఎద్దుకి ములుకర్రలా గుచ్చుకుంది. వెళ్ళి ట్యాంకు మూత తీసింది.

ఆ అంకె మైళ్ళదేనా నాయనా, అన్న మాట తాబేలు గొంతు దాకా వచ్చింది. కుందేళ్ళు చూస్తున్నాయి. తల లోపలికి పోయింది. అడగాల్సిన మాట దాంతోపాటే పోయింది.

"నువ్వు తెచ్చిన తామరదుంపలు తెల్లదానికైతే సరిపోతాయి పిన్నీ," అంది నక్క. "ఎర్రదంటే మరి..." దాని చూపు తాబేలు పక్కనున్న శంఖం మీద వాలింది. "పొద్దున్నే ఊది కొట్టు తీస్తే దర్జాగా ఉంటుంది. సముద్రానికే పోతున్నావు, ఇంక సముద్రం బొమ్మెందుకు నీకు?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. తాబేలు శంఖాన్ని కడసారి చెవికి ఆనించుకుంది. వస్తున్నానమ్మా అని లోపల్లోపల అనుకుని, నక్క చేతిలో పెట్టేసింది. ఇచ్చాక చెవి పక్కన ఏదో చల్లారిపోయినట్టయింది.

అక్కడితో నక్క ఊరుకోలేదు. మూడు బస్తాల చింతపండు కారు వెనక పడేసింది. "ఎలాగూ రెండు మైళ్ళు మిగులుతాయిగా బావా! అక్కడి పీతల సంతలో ఇచ్చి ఎండుచేపలు పట్రా."

మర్నాడు తెల్లారగానే బయల్దేరారు. ఎద్దు జన్మలో ఎప్పుడూ పోనంత జోరుగా తోలింది.

"మెల్లగా పోదాం అన్నా, కడుపులో కుదుపుతోంది."

"తొంభై ఏడు పోయించుకుని మెల్లగా పోవడమేంటి చెల్లీ! నేను గానుగెద్దునా?"

రాళ్ళు వెనక్కి పోతున్నాయి. నలభై, యాభై, అరవై. డెబ్బై ఐదు దాటాక గాలిలో సన్నగా ఉప్పు తగిలింది. తాబేలు మెడ ఎంత సాగుతుందో అంతా చాచింది. ఆ వాసన దానికి తెలుసు. అన్నేళ్ళ కిందటిది, నిన్నటిలాగే ఉంది.

ఎనభయ్యో రాయి దగ్గర కారు దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది.

"ఇంకా పదిహేనుండాలే!" అని ఎద్దు గిట్టతో తలుపు తన్నింది. తాబేలు కారు దిగి, సముద్రం ఉన్న వైపు పాకడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి చెల్లీ?"

"రేపో ఎల్లుండో గుడ్లు వచ్చేస్తాయన్నా. ఆగితే ఈ తారు రోడ్డు మీదే పెట్టాలి."

అదృష్టం బాగుండి ఆ రాయి పక్కనే ఒక పంక్చర్ల పాక ఉంది. అందులోంచి మేస్త్రీ బయటికొచ్చింది. మేస్త్రీ అంటే ఒక కొంగ. ఒంటికాలి మీద నిలబడి, పొడుగు ముక్కు పెట్రోలు ట్యాంకులో ముంచి, అడుగున మిగిలిన చుక్క చప్పరించింది.

"ఎర్రది పోశారే! ఈ ముసలి కారుకి ఎర్రదెందుకు?"

"తొంభై ఏడు మైళ్ళు వస్తుందని నక్క బావ చెప్పాడు," అంది ఎద్దు.

కొంగ నవ్వు ఆపుకుంటూ కాలు మార్చుకుంది. "అది మైళ్ళ అంకె అని ఎవరన్నారయ్యా? అది పెట్రోలు ఓర్పుకి అంకె."

"ఓర్పా?"

"ఓర్పే. ఇంజను లోపల పెట్రోలుని నొక్కి నొక్కి పెట్టి అప్పుడు నిప్పంటిస్తుంది. కొన్ని ఇంజన్లు మహా గట్టిగా నొక్కుతాయి. అంత నొక్కినా తొందరపడి ముందే భగ్గుమనకుండా ఓర్చుకునేది ఎర్రది. అలాటి బండికి తెల్లది పోస్తే టకటకా కొట్టుకుంటుంది, ఉన్న మైలేజీ కూడా పోతుంది. మీ కారుది మెత్తటి నొక్కుడు. దానికి తెల్లదాని ఓర్పే బోలెడు. ఎర్రది పోసినా అంతే నడుస్తుంది, ఒక్క అడుగు ఎక్కువ రాదు."

"మరి తెల్లది పోసినా ఇక్కడే ఆగేదా?" అని అడిగింది తాబేలు. తల బయటే ఉంది. దానికే ఆశ్చర్యమేసింది.

కొంగ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "వెనక మూడు బస్తాలు. చక్రాల్లో గాలి సగమే. పైగా, తోలింది పరుగు పందెంలా కాదూ? ఇవి మూడూ లేకపోతే డబ్బాడు తెల్లదే మిమ్మల్ని ఏటి మొగలో దించేది తల్లీ."

ఎద్దు తల వంచుకుంది. అన్నేళ్ళు బండి లాగినదానికి బరువుతో పరిగెడితే ఏమవుతుందో తెలియదా? తెలుసు. ఒక్క ఎత్తిపొడుపు మాటకి మర్చిపోయింది.

"రెండు సీసాల తెల్లది ఉంది నా దగ్గర," అంది కొంగ. "ఒక బస్తా నాకు దించండి, చేపల పులుసుకి పనికొస్తుంది. మిగతా రెండు కూడా దించేసి పోండి. తిరిగి వచ్చేటప్పుడు వాటికి బదులు డబ్బాడు తెల్లది పోస్తాను. నడక మాత్రం ఎద్దు నడకే నడపాలి సుమా. ఓర్చినమ్మకు తేటనీరు."

చక్రాలకి గాలి కొట్టారు. ఎద్దు ఈసారి బండి లాగినట్టే తోలింది, తొందరా లేదు, ఆగడమూ లేదు. పొద్దు వాలుతుండగా తొంభై ఐదో రాయి కనపడింది. రాయి అవతల ఇసక, ఇసక అవతల సముద్రం.

తాబేలు ఇసకలోకి దిగి, ముందు మొహం ఆనించింది. తర్వాత కాళ్ళతో గుంట తవ్వడం మొదలుపెట్టింది. ఎద్దు మర్యాదగా అటు తిరిగి నిలబడింది.

గుడ్లు పెట్టి, ఇసక కప్పి, రెండు రోజులు అక్కడే ఉంది. హోరు చెవులారా విన్నది. అయినా పొద్దున లేవగానే పక్కన శంఖం కోసం తడుముకునేది.

"సముద్రమే ఎదురుగా ఉంటే శంఖం ఎందుకు చెల్లీ?"

"ఏ దిక్కూ లేనప్పుడు అదే నాకు అమ్మా నాన్నా అన్నా. దాన్ని ఆ కొట్లో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పడుతుంది. ఈలోపు వెళ్ళి తెచ్చుకుందాం."

"నక్క ఇస్తుందా?"

తాబేలు సిగ్గుపడుతూనే నవ్వింది. "పీతలు బుట్టలు అల్లుతాయి కదా అన్నా, ఒకటి అల్లించు. ఈనెలు మాత్రం నేను లెక్కపెట్టి ఇస్తాను."

నాలుగో రోజు పొద్దున నక్క శంఖం ఊది కొట్టు తీస్తుంటే కారు వచ్చి ఆగింది. కుందేళ్ళు మూగాయి. ఎద్దు ఒక మూత బుట్ట దించింది. ఎండుచేప వాసన గుప్పుమంది. బుట్ట మీద సున్నంతో తొంభై ఏడు అని రాసి ఉంది.

"నా చింతపండు?" అంది నక్క.

"దారిలో పెట్రోలు అయిపోతే దానికే ఇచ్చేశాం బావా. నీ ఎర్రది ఎనభైకే చేతులెత్తేసింది."

"తోలడం రాకపోతే నేనేం చెయ్యను!" నక్క కళ్ళు బుట్ట మీదే ఉన్నాయి. "ఇదేంటి?"

"తాబేలు చెల్లి పంపింది. శంఖం, డబ్బాడు తెల్లది ఇస్తే బుట్ట ఇచ్చెయ్యమంది. మీద ఏదో రాసుంది, నాకు చదువు రాదు. నువ్వే చూడు."

"తొంభై ఏడు!" నక్క నోట్లో నీళ్ళూరాయి. తొంభై ఏడు ఎండుచేపలు! అది మూత ఎత్తలేదు. ఎత్తితే బేరం చెడుతుందని భయం. గబగబా డబ్బాడు తెల్లది కారులో పోసింది, శంఖం ఎద్దు ముందు పెట్టింది, బుట్టని ఒళ్ళోకి లాక్కుని మూత తీసింది.

పైన ఒకే ఒక్క ఎండుచేప. కింద ఇసక.

"మోసం! మిగతా తొంభై ఆరేవీ?"

ఇసక కదిలింది. ఇసకలోంచి ఒక తల బయటికొచ్చింది. కుందేళ్ళు కెవ్వుమన్నాయి. తాబేలు వాటిని చూసింది, నక్కని చూసింది. తల లోపలికి పోబోయింది. పోలేదు.

"ఆ అంకె చేపలదని ఎవరన్నారు నాయనా?"

"మరి దేనిది?"

"బుట్ట అల్లిన ఈనెలది. లెక్కపెట్టుకో. ఒక్కటి తక్కువైతే వచ్చి నన్నడుగు."

కుందేళ్ళు విరగబడి నవ్వాయి. నక్క నిజంగానే ఈనెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొంభై ఏడూ ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. ఆ రోజు నుంచి ఎర్ర పీపా దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఒకటే: "బావా, ఇది ఈనెల అంకా?"

డబ్బాడు తెల్లదీ, గట్టి చక్రాలూ, ఖాళీ కారూ, ఎద్దు నడకా. తొంభై ఐదో రాయి దాటి కారు ఇసక అంచున ఆగింది. ఎద్దు ట్యాంకు ఊపి చూసింది. అడుగున ఇంకా కొంచెం గలగలమంది.

"ఇంక ఉంటాను చెల్లీ. కొంగ మేస్త్రీ దగ్గర నాలుగు రోజులు బరువులు దించి, పెట్రోలు సంపాదించుకుని పోతాను."

"అప్పుడప్పుడూ రా అన్నా," అంది తాబేలు. దూరమయ్యేదాకా కారు వైపే చూసింది.

నెలన్నర తర్వాత ఒక తెల్లవారుజామున ఇసక కదిలింది. చిన్న చిన్న తలలు, ఒకటి, మూడు, లెక్కకందనన్ని, గబగబా నీళ్ళ వైపు పరిగెత్తాయి. తాబేలు లెక్కపెట్టలేదు. అవి వెళ్ళిపోయాక, ఖాళీ గుంట పక్కన కూచుని, అలవాటుగా శంఖం చెవికి ఆనించుకుంది.

అందులో సముద్రం వినపడలేదు. నల్లకొండ మడుగు వినపడింది. కప్పలు ఎకసెక్కాలాడుతున్నాయి, ఎక్కడో ఒక పాత కారు తీరుబడిగా గట్టెక్కుతోంది.

నీతి: అంకె ఎంతని మురిసిపోకు, అది దేని అంకో అడుగు.