ఒరలోంచి తీయని కత్తి

మన తాతల తాతలు ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలంలో, తూర్పు సముద్రం ఒడ్డున మణిరేవు అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని ఏలే రాజుగారికి ఒకటే సరదా. అది జర్మనీ దేశపు కత్తులు. అక్కడి సైనికులు కట్టుకున్నవీ, పోలీసులు కట్టుకున్నవీ ఎక్కడ దొరికినా తెప్పించి ఒక గదినిండా అమర్చుకునేవాడు.

రాజుగారికి ఇష్టమని తెలిశాక దొంగసరుకు పుట్టకుండా ఉంటుందా, పిల్లలూ? నకిలీ కత్తులు రేవులో దిగసాగాయి. వాటిని పట్టుకోవడానికి రాజుగారు లింగబ్రహ్మాన్ని కొలువులో పెట్టుకున్నాడు. లింగబ్రహ్మం నలభై ఏళ్లు ఇనుముతో బతికినవాడు. ఓడల మీద వచ్చే దొరల దగ్గర ఆ దేశపు అక్షరాలు కూడబలుక్కుని చదవడం కూడా నేర్చుకున్నాడు. ఆయన అసలంటే అసలు, నకిలీ అంటే నకిలీ. ఆయన మాటకు తిరుగులేదు.

ఒక ఏడు ఆయుధపూజకు ముందురోజు మూడు కత్తులు కొలువుకు వచ్చాయి.

మొదటిది రత్నాల వర్తకుడు తెచ్చాడు. సింహం తల పిడి, బంగారు పూత, కళ్లు చెదిరే మెరుపు. లింగబ్రహ్మం దాన్ని ఒరలోంచి మెల్లగా దూశాడు. పిడిని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"ప్రభూ, సింహం జూలులో సన్నటి గుంటలున్నాయి. హడావుడిగా పోత పోసిన ఇత్తడి ఇది. పేరు కూడా ఉక్కులోకి దిగేలా కొట్టలేదు, ద్రావకంతో పైపైన గీశారు. నకిలీ!"

కొలువు శభాష్ అంది. వర్తకుడు తలవంచుకుని పోయాడు.

రెండోది ఒక ఓడ సరంగు తెచ్చాడు. దాన్నీ దూసి, వేలితో తడిమి, లింగబ్రహ్మం నవ్వాడు.

"పిడి మీద పోలీసు ముద్ర. కత్తి మీద గుర్రపు దండు ముద్ర. రెండు విరిగిన కత్తులు కలిపి ఒకటి చేశారు, ప్రభూ!"

కొలువు మళ్లీ శభాష్ అంది. రాజుగారు తన భుజం మీది శాలువా తీసి ఆయనకు కప్పాడు. లింగబ్రహ్మానికి గుండె పొంగింది. ఆ పొంగే ఆయన కొంప ముంచింది.

మూడోది ఎల్లాయమ్మ తెచ్చింది. ఆమె వలలు అల్లుకుని బతికే ముసలిది. పాత చీరముక్కలో చుట్టిన కత్తిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పిడికి సొగసు లేదు, ఒరకు మెరుపు లేదు.

"అయ్యా, ఇది మా అయ్య పోలయ్యది. జర్మనీ పోలీసుదొర ఒకాయన ఓడ పగిలి మునిగిపోతుంటే, మా అయ్య ఈది ఒడ్డుకు తెచ్చాడట. ఆ దొర తన కత్తి ఇచ్చాడట. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. కోతలు కోసేవాడని నవ్వుతుంటేనే ఆయన పోయాడు. నాకేమీ ఇవ్వకండి. ఇది నిజమని ఒక్క మాట చెప్పండి."

లింగబ్రహ్మం శాలువా సర్దుకుంటూ కిందికి చూశాడు. పిడి మీద కొట్టిన అంకె ఒకటి, ఒర మీద కొట్టిన అంకె ఇంకొకటి. ఒక జతగా చేసినవైతే రెండింటి మీదా ఒకే అంకె ఉండాలి. ఇక చూడాల్సిందేముంది అనుకున్నాడు.

"అంకెలు కలవలేదు. నకిలీ," అన్నాడు.

"ఒక్కసారి దూసి చూడండి బాబూ," అంది ఎల్లాయమ్మ.

"దూసి చూడవయ్యా," అన్నాడు రాజుగారు కూడా.

"అక్కర్లేదు ప్రభూ. ఒర చూస్తేనే తెలిసిపోయింది."

కొలువు మూడోసారి శభాష్ అంది. ఎవరో పకపకా నవ్వారు. ఎల్లాయమ్మ కత్తిని మళ్లీ చీరముక్కలో చుట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే కమ్మరి గౌరయ్య లింగబ్రహ్మం ఇంటికి వచ్చాడు. చేతిలో జానెడు ఉక్కుముక్క.

"మామా, నిన్న ఎల్లాయమ్మ ఒక కత్తి తెచ్చి, ముక్కలు చేసి కత్తిపీటలు చెయ్యమంది. అబద్ధాన్ని ఇంట్లో ఉంచుకోనంది. అబ్బ, ఏం ఉక్కు మామా అది! నా సుత్తి ఎగిరెగిరి పడింది. మిగతాదంతా అయిపోయింది. ఈ ముక్క మీద ఏవో రాతలుంటే కొలిమిలో పెట్టబుద్ధి కాలేదు."

లింగబ్రహ్మం ముక్కను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. చేసినవాడి ముద్ర ఉక్కులోకి లోతుగా దిగి ఉంది. పక్కనే పోలీసుదళం ముద్ర. దాని కింద, అరిగిన అక్షరాల్లో ఒక వాక్యం. ఆయన వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"నన్ను సముద్రంలోంచి మోసుకొచ్చిన పోలయ్యకు."

ఆయన ఆ ముక్క పట్టుకుని గబగబా బయల్దేరాడు.

ఎల్లాయమ్మ ఇంటికి వెళ్లి, ముక్క చూపించి, ఆ వాక్యం చదివి వినిపించాడు. "ఒర మీద అంకె ఎందుకు వేరుగా ఉందమ్మా?" అని అడిగాడు.

"అసలు ఒర సముద్రంలో పోయిందట. ఆ దొరే ఇంకోటి సంపాదించి తొడిగాడట. నిన్న అడిగితే చెప్పేదాన్ని బాబూ," అంది ఆమె.

లింగబ్రహ్మం ఆమెను వెంటబెట్టుకుని కొలువుకు వెళ్లాడు. శాలువా తీసి రాజుగారి ముందు పెట్టాడు. "ప్రభూ, నిన్న నకిలీ కత్తులు రెండే. మూడోది అసలుది. నకిలీ నా పరీక్ష. పోలయ్య చెప్పిందంతా నిజం," అని అందరూ వినేలా చెప్పాడు.

కొలువులో ఎవరూ నవ్వలేదు. రాజుగారు ఆ ముక్కను అన్ని కత్తుల నడుమ ఉంచుతానన్నాడు. ఎల్లాయమ్మ ఒప్పుకోలేదు.

"మా అయ్య పేరు నిలబెట్టారు, దణ్ణం బాబూ. ముక్క నాకే ఇచ్చేయండి. నిద్ర లేవగానే గోడ మీద ఆ కత్తిని చూడటం నాకు అలవాటు. ఇప్పుడు అక్కడ మేకు మాత్రం ఉంది."

రాజుగారు ఆ ముక్కను ఆమె చేతికిచ్చాడు. లింగబ్రహ్మం ఆ తర్వాత ఎన్నో కత్తులను సరిగ్గా తేల్చాడు. తెచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది చివరిదాకా విన్నాడు. అయినా విరిగిన ఆ ఒక్క కత్తిని మాత్రం అతికించలేకపోయాడు.

నాకు తెలుసులే అని పరీక్ష మానేసినవాడు, ఏమీ తెలియనివాడికన్నా ఎక్కువ కీడు చేస్తాడు. ఆ తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా పోయింది తిరిగి రాదు.