సూరాంబ దించిన వెదురు బొంగులు

గుట్ట వాలులో, ఊట కింద, మూడు మట్టి గుంటలున్నాయి. ఎండలకి చెరువు ఇంకిపోతుంటే తాబేలు సూరాంబ చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి వాటిలో పెంచుతోంది. ఒక గుంటలో పరిగెలు, ఒకదాంట్లో జెల్లలు, మూడోదాంట్లో కొర్రమీను పిల్ల ఒక్కటే. దాన్ని మిగతావాటితో కలిపి ఉంచితే తెల్లారేసరికి చుట్టాలు తగ్గిపోతారు మరి.

నీళ్ళు మార్చకపోతే చాలు, పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకని సూరాంబ రోజూ ఆకు డొప్పతో పాతనీళ్ళు తోడి, కొత్తనీళ్ళు మోసి పోసేది. ఇప్పుడేమో గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. ఏటి ఇసుకదాకా వెళ్ళి రావాలి, అదీ తాబేలు నడకతో. గుడ్లు ఆగవు, పిల్లల్ని వదలడానికీ లేదు.

"నేను లేకపోయినా నీళ్ళు వాటంతటవే మారాలి. మార్చి తీరతాను," అనుకుంది సూరాంబ.

ఊట నుంచి ఒక్కో గుంటకి వేరే కాలవ గీసింది. ఒకరింటి మురికి ఇంకొకరింట్లోకి పోకూడదని ఆవిడ పట్టుదల. నీళ్ళు రావడం బాగానే కుదిరింది, పోవడమే తేలలేదు. గట్టు మీంచి పొర్లితే పైనున్న తేటనీళ్ళే పోతున్నాయి, అడుగున మురికి అలాగే ఉంటోంది.

గుట్ట కింద బొరియలో కాపురముండే నక్క గవరయ్య ఇదంతా చూసి తీరుబడిగా వచ్చాడు.

"ఏం పిన్నీ, ఈ వయసులో ఇంత కష్టమేంటి? మురికి ఉండేది అడుగున. గట్టుకి అడుగునే కన్నం పెట్టు. కావాలంటే నేనే తవ్విపెడతా."

"నీకెందుకు నాయనా శ్రమ?"

"చేపపిల్లలంటే నాకు ప్రాణం పిన్నీ!"

"తెలుసులే," అంది సూరాంబ.

మాట మాత్రం నిజమే, మురికి అడుగునే ఉంది. కానీ ఊట ఆగిందంటే ఆ కన్నంలోంచి గుంట మొత్తం ఖాళీ అయిపోతుంది. సూరాంబ మెడ లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత వెదురు బొంగులు ఈడ్చుకొచ్చి, లోపల అడ్డున్న కణుపులు పొడిచి, గుంటకొకటి ఏటవాలుగా దించింది. ఒక మూతి అడుగు బురద దగ్గర, రెండో మూతి గట్టు అంచున. చుట్టూ బంకమట్టి మెత్తి, కాళ్ళు పడిపోయేదాకా తొక్కింది. కొత్తనీళ్ళు పడుతున్నకొద్దీ అడుగు మురికి బొంగులోంచి పైకెక్కి బయటికి పోసాగింది.

"అడుగుదాకా దించావే! నా మాట విన్నావు పిన్నీ," అని గవరయ్య మురిసిపోయాడు.

"విన్నాను నాయనా," అని సూరాంబ ఏటివైపు బయల్దేరింది.

మలుపు దగ్గరికి చేరిందో లేదో, వెనకనుంచి పరిగెల కేకలు.

"అమ్మమ్మా! గవరయ్య ఊటకి అడ్డంగా రాళ్ళేసి మట్టి కప్పేశాడు!"

సూరాంబ తల వెనక్కి తిప్పింది. వెనక్కి వెళ్తే గుడ్లు దారిలోనే పోతాయి. ముందుకి వెళ్తే, తన లెక్క తప్పిందంటే, పిల్లలు పోతారు. అక్కడే నిలబడి చూసింది. బొంగుల్లో ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. గుంటల్లో నీళ్ళు మాత్రం బొంగుల పైమూతి దగ్గర, గట్టు అంచున అలాగే నిలిచాయి.

"ఇంకా దిగవేంటి!" అని గవరయ్య నాలుక వేలాడేసుకుని ఎండలో కూర్చున్నాడు.

కొర్రమీను పిల్ల తల బయటపెట్టింది. "బాబాయ్, మా ఇంట్లో నీళ్ళు బాగానే ఉన్నాయి. మీ ఇల్లు ఓసారి చూసుకోరాదూ?"

అడ్డం కట్టిన ఊట పక్కకి మళ్ళి, వాలు వెంబడి నేరుగా గవరయ్య బొరియలోకి దిగుతోంది. లోపల్నుంచి అతని పెళ్ళాం కేకేసింది. "ఏ దరిద్రుడు మళ్ళించాడయ్యా ఈ నీళ్ళు?"

గవరయ్య గట్టు దిగి ఊట దగ్గరికి ఒకటే పరుగు. తనేసిన రాళ్ళు తనే పీకి, తను కప్పిన మట్టి తనే ఎత్తిపోశాడు. బొంగులు మళ్ళీ పారాయి.

సూరాంబ ఇసుకవైపు తిరిగి, ఆగకుండా నడిచింది.

సలహాలో నిజముంటే తీసుకోవాలి, చెప్పినవాడి ఆకలిని మాత్రం వాడికే వదిలెయ్యాలి.