గోరింక కడుక్కోని పసుపు

ఒకప్పుడు గోరింక ముక్కూ కాళ్లూ నల్లగా ఉండేవి. కళ్ల చుట్టూ కూడా నలుపే. అది ఊరి మొహం చూసేది కాదు. అడవిలో మోదుగు చెట్టు తొర్రలో దాని కాపురం. మనిషి అలికిడైతే చాలు, తుర్రుమనేది!

ఓ ఏడాది ఎండలకు అడవి అంటుకుంది. తొర్రలో ఇంకా రెక్కలు రాని పిల్లలు రెండు. తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పొగలో దూరింది, నిప్పుల మీద వాలింది, ఒక్కో పిల్లనూ ముక్కున కరుచుకుని తెచ్చింది. అడవి అంచున ముత్తవ్వ అనే ముసలమ్మ పసుపు పండించుకుని బతికేది. ఆమె గుడిసె గోడలో కన్నం కనబడితే పిల్లల్ని అందులో పెట్టింది. రెండోదాన్ని దించేసరికి పాపం, గోరింక కళ్లు వాచి మూసుకుపోయాయి. దబ్బున కింద పడింది.

"అయ్యో బిడ్డా!" అంటూ ముత్తవ్వ దాన్ని ఎత్తుకుంది. పసుపు కొమ్ము అరగదీసి కళ్ల చుట్టూ, కాలిన ముక్కుకూ కాళ్లకూ పట్టించింది. "మూడు దినాలు కండ్లు తెరవకు. తెరిస్తే చూపు పోతది."

"మరి నా పిల్లలకు మేత ఎవరు పెడతారవ్వా?"

"నేను లేనా?"

ముత్తవ్వ పొలమంతా తిరిగి పురుగులు ఏరుకొచ్చింది. పిల్లలు నోరు తెరిస్తేగా! మనిషి చెయ్యి చూసి బిక్కచచ్చిపోయాయి. పొద్దు వాలేసరికి వాటి కూత సన్నబడిపోయింది. అది తల్లి చెవిన పడింది. "నా కళ్లు పోతే పోనీ, నేనే పెడతా" అని లేచింది.

"ఆగవే పిచ్చిదానా! నువ్వు పిలువు, నేను పెడ్త."

గోరింక ముత్తవ్వ భుజమెక్కి "కీచ్ కీచ్" మని పిలిచింది. అమ్మ గొంతు! రెండు నోళ్లూ బారున తెరుచుకున్నాయి. ముత్తవ్వ చటుక్కున పురుగు పెట్టింది. ఇంకేం, మూడు రోజులూ అదే పని. ఒకరు పిలవడం, ఒకరు పెట్టడం.

నాలుగో రోజు గోరింక కళ్లు విచ్చుకున్నాయి. ఎదురుగా బొద్దుగా ఇద్దరు పిల్లలు! సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"ఇగ వాగుకు పోయి కడుక్కో, పసుపు పోతది" అంది ముత్తవ్వ.

గోరింక తల అడ్డంగా ఊపింది. "ఉండనీ అవ్వా. నాకు చూపు లేనినాడు నా పిల్లల కడుపు నింపిన చేతి పసుపు ఇది. కడుక్కుంటే నేనేం తల్లిని?"

వానలకు అడవి మళ్లీ చిగురించింది. గోరింక మాత్రం తిరిగి పోలేదు.

అప్పటినుంచే గోరింకకూ, దాని పిల్లల పిల్లలకూ ముక్కూ కాళ్లూ కళ్ల చుట్టూ పసుపే. అప్పటినుంచే అది మన ఇళ్ల గోడల కన్నాల్లో గూడు పెట్టుకుంటుంది. పొలంలో మనిషి వెనకాలే, ఏ బెదురూ లేకుండా, సొంత మనిషిలా నడుచుకుంటూ వస్తుంది.