వరహాలు కట్టించిన చెక్క అరుగు

చింతపల్లిలో వరహాలు అని ఒకాయన ఉండేవాడు; మనిషి మంచివాడే గానీ, నలుగురూ ‘ఆహా’ అంటే చాలు, ఒళ్లు తెలిసేది కాదు.

అతని అక్క నూకాలమ్మ వాళ్లింట్లోనే ఉండేది. పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమకాలు పట్టు తప్పింది. ఇల్లేమో కొండవాలు మీద. గడప దాటితే నిటారు మెట్లు. దిగలేక, కొండ చలికి వణుకుతూ గదిలోనే పడి ఉండేది.

“కాసేపు ఎండలో కూర్చుంటే చాలురా తమ్ముడూ,” అనేది. పాపం, ఆమె కోరిక అంతే. వరహాలు మనసు కరిగింది. గడపకు సమానంగా, ఆరుబయట చెక్కలతో పెద్ద అరుగు కట్టించాడు.

ఇక దానికి రంగు వెయ్యాలి. రంగుల కొట్టాయన రెండు డబ్బాలు చూపించాడు.

“ఇది చెక్కలోకి ఇంకే రంగు. మెరవదు గానీ ఎండకీ వానకీ ఆగుతుంది. ఇదేమో మెరిసే వార్నిష్, ఇంట్లో బల్లలకు బాగుంటుంది. ఏది వేసినా చెక్క బాగా ఆరాకే వెయ్యి.”

“మెరవకపోతే ఎవరు చూస్తారండీ?” అని వరహాలు వార్నిష్ డబ్బా చంకన పెట్టుకొచ్చాడు.

భార్య పైడితల్లి అరుగు మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి చూసింది. చుక్కలు ఇంకలేదు. ఎక్కడివక్కడే నిలబడ్డాయి.

“చెక్క ఇంకా పచ్చిగానే ఉందయ్యా. నాలుగు ఎండలు కాయనీ,” అంది.

“పిచ్చిదానా, నీళ్లే దిగడం లేదంటే ఎంత గట్టి చెక్కో చూడు!” అని పొంగిపోయాడు వరహాలు. “అయినా ఆదివారం చుట్టాలు భోజనాలకి వస్తున్నారు. ఆగడానికి తీరికెక్కడిది?”

ఆ పూటే దట్టంగా పూసేశాడు.

ఆదివారం అరుగు ధగధగలాడింది. చుట్టాలు ‘ఆహా’ అన్నారు. తీరా భోజనాలయ్యి లేవబోతే, వాళ్లతో వచ్చిన బావగారి తెల్లపంచె అరుగుకి అతుక్కుపోయి కూర్చుంది! అందరూ పగలబడి నవ్వారు. వరహాలు కూడా నవ్వేశాడు. అప్పటికింకా నవ్వొచ్చింది మరి.

వానలు మొదలయ్యాయి. చెక్కలోపలి చెమ్మ పైకి తన్నింది. వార్నిష్ పొక్కులు తేలి, ఉడికిన బంగాళాదుంప తొక్కలా లేచిపోయింది. లేవని చోట తడిస్తే కాలు నిలిచేది కాదు. ఒకరోజు వాన వెలిసి ఎండ పొడ కనిపించగానే, నూకాలమ్మ చేతికర్ర పట్టుకుని ఆశగా బయటికొచ్చింది. కర్ర జారింది. మనిషి దభీమని పడింది.

అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. కానీ ఆమెకు భయం పట్టుకుంది.

“నాకు ఎండా వద్దు, ఏమీ వద్దురా,” అని గది తలుపు వేయించుకుంది.

వరహాలు ఆ తలుపు బయట నిలబడి ఏడ్చాడు. “ఎవరికోసం కట్టాను, ఎవరికోసం మెరిపించాను!” అని తల బాదుకున్నాడు.

వానలు వెనకపట్టాక వార్నిషంతా గీకి పారేశాడు. చెక్కను గరుకు కాగితంతో రుద్దాడు. మంచు రోజులు కూడా పోనిచ్చాడు.

“ఇంకా ఎప్పటికోయ్?” అని చుట్టాలు వేళాకోళం చేశారు.

“చెక్క ఎప్పుడు సరేనంటే అప్పుడు,” అన్నాడు.

రోజూ నీళ్లు చిలకరించి చూసేవాడు. చుక్క పడగానే చెక్క తాగేసిన రోజున, చెక్కలోకి ఇంకే ఆ రంగు తెచ్చి పల్చగా పూశాడు. ఇంకనిది గుడ్డతో తుడిచేశాడు. ఆరాక ఇంకోసారి అలాగే పూశాడు. అదీ పూర్తిగా ఆరేదాకా బావగారిని కూడా అడుగు పెట్టనివ్వలేదు.

తర్వాత అరుగు మీద బిందెడు నీళ్లు కుమ్మరించి, ముందు తనే అటూ ఇటూ నడిచాడు. కాలు నిలిచింది. అప్పుడు వెళ్లి అక్క గది తలుపు తట్టాడు.

“అప్పా, నా చెయ్యి పట్టుకో.”

నూకాలమ్మ గడపలో ఆగి, తడి చెక్క మీద కర్ర మోపి చూసింది. మళ్లీ చూసింది. జారలేదు. మెల్లగా వచ్చి ఎండలో కూర్చుంది.

“మెరుపు లేదేంట్రా?” అంది.

“లేదప్పా.”

“పోనీలే. వెచ్చగా ఉంది,” అని హాయిగా కాళ్లు చాపుకుంది.

ఎవరికోసం చేస్తున్నామో వాళ్లని మరిచిపోయి, చూసేవాళ్ల మెప్పు కోసం తొందరపడి చేసిన పని నిలవదు.