పోలినాయుడు నీళ్ళ కూలర్ కొన్న కథ

అనగనగా అనేంత పాతకాలమేమీ కాదు. కరెంటు వచ్చి, కంప్యూటరు వచ్చి, బుద్ధి మాత్రం ఇంకా దారిలో ఉన్న కాలంలో గెడ్డవలస అనే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే పోలినాయుడు ఉండేవాడు.

పోలినాయుడు మంచివాడు. ఊరు ఈ మాట అప్పుడప్పుడు ఒప్పుకునేది. అతను రోజూ ఒప్పుకునేవాడు. అతనికి ఉన్నది ఒకటే బలహీనత. తనకన్నా ముందు ఇంకెవరైనా పని ముగిస్తే ఆ పూట అన్నం సయించేది కాదు.

పక్క వీధిలో కొత్తగా ఇంకో స్టూడియో తెరిచారు. పెళ్ళికూతురు కాపురానికి వెళ్ళేలోపే వాళ్ళు వీడియో చేతిలో పెడుతున్నారట. పోలినాయుడి వీడియోలు బారసాల నాటికి అందేవి. జనం ఎప్పుడూ నొచ్చుకోలేదు. గెడ్డవలసలో తమ పెళ్ళి వీడియో రెండోసారి చూసినవాళ్ళు లేరు మరి. అయినా పోలినాయుడి మనసు కుదుటపడలేదు.

కంప్యూటరుకు మెదడు లాంటిది ప్రాసెసరు. దానికి తయారుచేసినవాళ్ళు ఒక వేగం పెట్టి పంపుతారు. ఆ వేగం దాటించి దాన్ని పరుగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. పోలినాయుడు ఆ పని చేశాడు. చేసి ఊరుకోక, స్టూడియో ముందు 'మెరుపు వేగం' అని బోర్డు కూడా కట్టించాడు.

సరిగ్గా అప్పుడే ఎర్రయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

తాత తప్పెటగుళ్ళ ఆట నేర్పే గురువు. గుండెకు గుల్ల అనే రేకు వాద్యం కట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి ఆయన ఎగిరితే, జాతరలో జీళ్ళు అమ్మేవాళ్ళు కూడా అమ్మకం ఆపి చూసేవాళ్ళు. మొన్నటి జాతరలో ఆడిందే ఆయన చివరి ఆట. దాన్ని పోలినాయుడే మూడు కెమెరాలతో తీశాడు. ఆ మూడింటినీ కలిపి ఒక సినిమాగా కంప్యూటరు చేత చేయించాలి. మిగిలింది అదొక్కటే.

"ఊరంతా నా ఆట సూసింది బాబూ. నాను మాత్రం సూసుకోనేదు," అన్నాడు తాత. "కంటి నరం ఎండిపోతందంట. మందు నేదని పట్నం డాక్టరు సెప్పేశాడు. ఉన్న సూపు పోయేలోగా నా కాలు ఎలా పడతాదో ఒక్కసారి సూసుకుంటాను."

"రేపే చూపిస్తాను తాతా. మనది మెరుపు వేగం."

"మెరుపు ఒద్దు బాబూ. కనబడితే సాలు."

పోలినాయుడు కంప్యూటరును పనిలో పెట్టాడు. ప్రాసెసరు పొయ్యి మీది ఎసరులా కాగింది. పని ముప్పాతిక అయ్యేసరికి యంత్రం తనంతట తానే ఆరిపోయింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మళ్ళీ ఆరిపోయింది.

అతని భార్య రత్నాలు ఆల్బమ్‌లు అంటిస్తూ తలెత్తింది. "ఏమయ్యా, ఆ వేగం మునుపటిలా తగ్గించేయరాదా? నెమ్మదిగా నడిచినా నాలుగు రోజుల్లో అయిపోతుంది."

"బోర్డు మీద ఏం రాయించాను?"

"బోర్డు తాత చదవడు కదయ్యా."

"ఊరు చదువుతుంది," అన్నాడు పోలినాయుడు. "వేగం తగ్గించేది లేదు. నీళ్ళ కూలర్ తెస్తాను."

నీళ్ళ కూలర్ అంటే ప్రాసెసరు మీద కూర్చునే ఒక రాగి పలక. దాని మీద చిన్న పంపు, రెండు గొట్టాలు, వేడిని బయటికి ఊదేసే ఫ్యాన్ల జల్లెడ. గెడ్డవలసకు ఇదేమీ తెలియదు. కూలర్ వస్తోందని విని సర్పంచి అల్లుడు చాప పట్టుకొచ్చి స్టూడియోలో పడుకున్నాడు. సాయంత్రం దాకా గాలి రాకపోయేసరికి, సరుకు నకిలీదని ఊరంతా చెప్పి వెళ్ళిపోయాడు.

మొదటి కూలర్‌ను పోలినాయుడు దీపాలు చూసి ఎంచుకున్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. బిగించగానే కంప్యూటరు పెట్టె లోపల జాతర జరుగుతున్నట్టే ఉంది. ఊరు వరసకట్టి చూసి మెచ్చుకుంది. కానీ దానికి ఉన్నది ఒకటే ఫ్యాను. అంత వేడికి ఆ బుల్లి కూలర్ ఏ మూలకూ చాలలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పని మాత్రం ఆగిపోయింది.

తాత గోడ పట్టుకుని వచ్చాడు. "అయిందా బాబూ? మనుసుల మొకాలు కనబడ్డం మానేశాయి. రంగులు ఇంకా తెలస్తన్నాయి."

"ఇంకొక్క వారం తాతా."

"ఆ వేగం తగ్గించయ్యా," అంది రత్నాలు.

"నువ్వు ఆల్బమ్ చూసుకో," అన్నాడు పోలినాయుడు.

రెండోసారి అతను తెలివిగా ఆలోచించాడు. చిన్నది చాలలేదు కాబట్టి అంగట్లో ఉన్న అన్నిటికన్నా పెద్దది తెచ్చాడు. మూడు ఫ్యాన్లు, మూరెడు పొడుగు. పెట్టెలో పట్టలేదు. పట్టకపోవడం అతనికి ఒక విధంగా సంతోషమే, లోపల పెడితే ఎవరు చూస్తారు? కంప్యూటరును బల్ల మీద ఉంచి, ఫ్యాన్ల జల్లెడను కింద పీట మీద నిలబెట్టాడు. వచ్చినవాళ్ళ కాళ్ళకు తగిలేలా పెట్టాడు, తగిలాక కళ్ళకు కనబడక తప్పదని.

పంపు పైన ఉండి జల్లెడ కిందికి పోతే, నీళ్ళలోని గాలంతా పైకి చేరి పంపులో కూర్చుంటుంది. గెడ్డవలసలో ప్రతి రైతుకూ పొలం మోటారు గాలి పట్టడం తెలుసు. ఇక్కడా అదే జరిగింది. పంపు గుడగుడమంది. పది మంది రైతులు చుట్టూ నిలబడి విన్నారు. పట్నం సరుకు అలాగే పాడుతుందని పదిమందీ ఒక్క మాట మీద తేల్చారు.

ప్రాసెసరు మళ్ళీ కాగింది. యంత్రం మళ్ళీ ఆరిపోయింది.

ఈసారి తాత గుమ్మం తగిలి ఆగాడు. "ఎలుగూ నీడా తెలస్తంది బాబూ. అది సాలుతాదా?"

"చాలుతుంది తాతా. ఈసారి అసలైనది తెస్తున్నాను."

తాతను రత్నాలు చెయ్యి పట్టి వీధి చివరి దాకా దిగబెట్టి వచ్చింది. వచ్చి తన ఆల్బమ్ చూసుకుంది. వేగం మాట ఎత్తకపోవడం పోలినాయుడికి కొంచెం గుచ్చుకుంది. పనిలో పడి మరిచిపోయాడు.

మూడోసారి నిజంగానే సరైనది ఎంచుకున్నాడు. పెట్టె కొలుచుకున్నాడు, ప్రాసెసరు పేరు చెప్పాడు, దుకాణంలో నలుగురిని అడిగాడు. దీపాలు లేవు, ఆర్భాటం లేదు. పెట్టె పైభాగంలో చక్కగా అమిరింది. రాగి పలక అద్దంలా మెరుస్తోంది, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర.

పిల్లలూ, గెడ్డవలసలో కొత్త వస్తువుకు ప్లాస్టిక్ ఊడదీయడమంటే పసిపిల్లకు చొక్కా విప్పి ఎండలో నిలబెట్టడమే. సర్పంచి కారు సీట్లకు ఇంకా కవర్లున్నాయి, వేసవిలో ఆయన దిగితే సీటు కూడా వెంట వస్తుంది. టీవీ రిమోట్ల మీద కవర్లు మసకబారి అంకెలు కనబడక, ఊరంతా ఒకటే చానెల్ చూస్తుంది. ఆ ఊరివాడే పోలినాయుడు. పొర మీద 'ముందు దీన్ని తీసేయండి' అని రాసి ఉంది. అతను చదివాడు కూడా. మంచి రోజు చూసి తీద్దాంలే అనుకుని, పొర ఎక్కడా ముడతపడకుండా వేలితో నిమిరి, అలాగే బిగించాడు.

రాగికీ ప్రాసెసరుకూ నడుమ ప్లాస్టిక్ దుప్పటి. వేడి ఎటు పోతుంది? యంత్రం ఈసారి ముప్పాతిక దాకా కూడా రాలేదు.

"మోసం," అన్నాడు పోలినాయుడు. కూలర్ ఊడదీసి సంచిలో వేసుకుని, పోట్లాడడానికి పట్నం బస్సెక్కాడు. దారంతా ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూర్చుకున్నాడు. దుకాణంలో గొంతు పెంచాడు. కౌంటరు వెనకాలున్న ఆయన కూలర్ తిరగేసి చూశాడు. గోటితో పొర అంచు పట్టుకుని లాగి, బల్ల మీద పెట్టాడు. పోలినాయుడు కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

తిరిగి వచ్చి బిగించాడు. అప్పుడు చూడాలి ఆ చల్లదనం. ప్రాసెసరు తనకు పెట్టిన వేగం కన్నా వేగంగా పరుగెత్తింది, వేడి మాత్రం పెరగలేదు. తెర మూలన వేడి చూపే అంకె ఉంటుంది. పోలినాయుడు దాని మీదినుంచి కళ్ళు తిప్పలేదు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి సినిమా తయారైంది. బోర్డు మీద రాసింది మొత్తానికి నిజమైంది.

అతను పెద్ద తెర సంకన పెట్టుకుని తాత ఇంటికి పరుగెత్తాడు.

తాత వాకిట్లో కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పోలినాయుడు తెర ఎదురుగా నిలిపి ఆట మొదలుపెట్టాడు. గుల్లలు మోగాయి. గజ్జెలు మోగాయి. తాత మొహం వెలిగింది. ఆ మొహం తెర ఉన్న వైపు కాక, పక్కనున్న గోడ వైపు తిరిగి ఉంది.

పోలినాయుడికి అప్పుడు తెలిసింది.

"మొదలయిందా బాబూ?"

"అయింది తాతా."

"మా గురువు ఎగిరితే కాలు గాల్లో ఒక్క చణం ఆగీది. నా కాలు ఆగుతందో నేదో, అరవయ్యేళ్ళుగా నాకు తెలవదు. అది సూద్దామనే నిన్ను అడిగాను. ఆగుతందా?"

పోలినాయుడు తెర వైపు చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఆగినట్టే ఉంది. మళ్ళీ తిప్పాడు. ఆగనట్టూ ఉంది. ఆ సినిమా తయారవుతున్నంతసేపూ అది అతని కళ్ళముందే నడిచింది. ఎప్పుడు ఎంత వేడి ఉందో అడిగితే తడుముకోకుండా చెప్పగలడు. తాత కాలు సంగతి చెప్పలేడు.

"ఆగుతోంది తాతా," అన్నాడు.

తాత కాసేపు గుల్లల మోత విన్నాడు.

"సూసి సెప్పావా బాబూ, అడిగానని సెప్పావా?"

తాత చెయ్యి చాపి, తడుముకుని, పోలినాయుడి భుజం దొరికాక మెల్లగా తట్టాడు. ఆట అయిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మర్నాటికి స్టూడియో ముందు బోర్డు లేదు. అదేమైందని గెడ్డవలసలో ఎవరూ అడగలేదు. అడగకుండానే ఇప్పటికీ తలొక రకంగా చెప్పుకుంటారు. పిల్లలూ, మీరు మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: ఎవరి కోసం పరుగు మొదలుపెట్టామో మరిచినవాడు, అందరికన్నా ముందు చేరినా ఆలస్యంగా చేరినట్టే.